ప్రార్థనయు ఔషధమును: నైజీరియా దేశ చరిత్రనుండి ఒక పాఠము



రోగి స్వస్థపడవలెనని ప్రార్థించు విశ్వాసి మందు పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొనినయెడల అతని విశ్వాసమునకు కొరత కలిగినట్లా? ఈ ప్రశ్న మన సంఘములలో నేటికిని వినబడుచున్నది. దీనిని వట్టి వాదముచేత తీర్చుట కష్టము. కనుక ఈ ప్రశ్న ప్రాణములతో ముడిపడి, సంఘములనే చీల్చిన యొక దేశముయొక్క చరిత్రను మనము పరిశీలింతము. ఆ దేశము పశ్చిమాఫ్రికాలోని నైజీరియా.

1. ప్రార్థనాపరులు

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా అను విషజ్వరము లోకమంతటను వ్యాపించి నైజీరియాలోను ప్రవేశించెను. ఆ జ్వరమునకు దొరల వైద్యులయొద్దను మందు లేకుండెను, నాటువైద్యులయొద్దను లేకుండెను. అట్టి సమయమున ఇజెబు-ఓడె పట్టణపు ఆంగ్లికన్ సంఘస్థులు కొందరు, జోసెఫ్ షడారె మొదలగువారు, ప్రార్థనకై కూడుకొనిరి. దైవస్వస్థతయందే నమ్మికయుంచుట, శిశు బాప్తిస్మమును నిరాకరించుట అను కారణములచేత వీరికిని మాతృసంఘమునకును భేదము కలిగి, 1922లో వీరు వేరుపడిరి. ఇట్టి గుంపులవారికి యొరూబా భాషలో 'అలదూర', అనగా ప్రార్థనాపరులు, అను పేరు కలిగెను.

1930లో ఇలేషా పట్టణమున జోసెఫ్ అయొ బబలోల యను యువకుడు గొప్ప ఉజ్జీవమును నడిపెను. ఇతడు అంతకుముందు రోడ్లను చదును చేయు ఆవిరియంత్రమును నడుపు పనివాడు. వేలకొలది జనులు రోగులను మోసికొని వచ్చిరి. అతడు ప్రార్థించి యిచ్చిన నీటిని 'జీవజలము' అని త్రాగిరి. నాటుమందును గాని, దొరల మందును గాని ముట్టరాదనునది వీరి నియమము.

ఇంతమంది ఈ మార్గమును ఏల పట్టిరి? ఆసుపత్రులు బహు కొద్ది, అవియు దూరము. నాటువైద్యునియొద్దకు పోయినచో మందుతోకూడ దేవతలకు బలియు అర్పింపవలసి వచ్చును. అది క్రైస్తవుని మనస్సాక్షికి సరిపడదు. ఒక త్రోవ దూరమైనది, ఒక త్రోవ నిషేధింపబడినది. మూడవ త్రోవగా ప్రార్థనయే మిగిలెను. దీనిని గ్రహింపక వారిని అజ్ఞానులని నిందించుట న్యాయము కాదు.

అయితే 1930ల మొదట ఈ ఉద్యమమువారు బ్రిటన్ దేశపు అపోస్తలిక్ సంఘముతో చేరగా, ఆ దేశమునుండి మిషనరీలు వచ్చిరి. వారును ప్రార్థనచేత స్వస్థత కలుగునని బోధించినవారే. కాని మలేరియా జ్వరము రాకుండుటకై వారు కొయినా మాత్రలు మ్రింగుచుండుట కనబడెను. "మాకు విశ్వాసము, మీకు కొయినాయా?" యని స్థానికులకు సందేహము పుట్టెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి సంఘము చీలెను. బబలోల పక్షమువారు క్రీస్తు అపోస్తలిక్ సంఘముగా ఏర్పడిరి. ఒక చిన్న మాత్ర ఎంత పెద్ద ప్రశ్నను లేవదీసెనో చూడుడు.

2. ఉజుఆకోలి

అదే దేశపు తూర్పుభాగమున, ఇబో జనులమధ్య, ఉజుఆకోలి యను స్థలమున 1932లో మెథడిస్టు మిషనువారు ప్రభుత్వ సహాయముతో కుష్ఠరోగులకొరకు ఒక నివాసమును స్థాపించిరి. మన పల్లెలలో 'పెద్దరోగము' అని పేరు చెప్పుటకే జంకినట్లే, అక్కడను కుష్ఠరోగిని ఊరు వెలివేయుచుండెను. నాడు దొరకిన చికిత్స చాల్మూగ్రా తైలపు సూదిమందు. అది నొప్పి కలిగించునది; ఫలము నిశ్చయము కానిది.

1936 మొదలుకొని ఇచ్చట పనిచేసిన డాక్టరు ఫ్రాంక్ డేవీ రోగులను నివాసమునకు రప్పించుటతో తృప్తిపడక, చుట్టుపట్ల గ్రామములలోను చికిత్సాకేంద్రములను నెలకొల్పెను. 1940ల చివర డాక్టరు జాన్ లో యనునతడు ఇచ్చటనే డాప్సోను అను మందును పరీక్షించెను. ఈ జాతి మందులు విషగుణముగలవని అంతకుముందు వైద్యులు భయపడుచుండిరి. కొద్ది మోతాదున నోటిద్వారా ఇచ్చినయెడల అది అపాయము లేక పనిచేయునని అతడు కనబరచెను. చౌకయైన మాత్ర గనుక బీదల పల్లెలకును చేరగలిగెను.

ఆ రోగులలో ఇకోలి హార్‌కోర్ట్ వైట్ అనునతడు ఒకడు. 1905లో జన్మించి, బాల్యము దాటకముందే ఈ రోగము పాలయ్యెను. అతడు రోగులతోనే గాయకబృందమును కూర్చి, ఇబో భాషలో అనేక కీర్తనలు రచించెను. మందు అతని దేహమును బాగుచేసెను. మందు రాకపూర్వమే అతనిని మనుష్యునిగా నిలిపినది ఆ పాటయు, ఆ సహవాసమును.

3. మన డిచ్‌పల్లి

ఈ చరిత్రకును మన తెలుగుదేశమునకును సంబంధము కలదు. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో డాక్టరు ఇజబెల్ కెర్ అను దొరసానిగారు 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని ప్రారంభించిరి. డాక్టరు లో ఆఫ్రికాకు పోకముందు పనిచేసిన స్థలములలో ఇది యొకటి. డాక్టరు డేవీ నైజీరియాను విడిచిన పిమ్మట 1960ల చివర డిచ్‌పల్లికే వచ్చి, రోగి ముక్కునుండి కారు ద్రవమునందు రోగక్రిములు విస్తారముగా నుండుననియు, రోగవ్యాప్తిలో దానికి గల ప్రాముఖ్యమును పరిశోధనచేత తెలియజేసెను. డాప్సోను ఒక్కటే వాడుచుండగా క్రిములు దానికి లొంగకపోవుటచేత, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చు పద్ధతిని నిర్ణయించెను.

4. మనము నేర్చుకొనవలసినది

హిజ్కియారాజు ప్రార్థింపగా, అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద కట్టబడెను. మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసెను. సువార్తికుడైన లూకా వైద్యుడు. లేఖనములు మందును ప్రార్థనకు శత్రువుగా నెక్కడను నిలుపలేదు.

బాగుపడని రోగితో "నీకు విశ్వాసము చాలలేదు" అని పలుకువాడు అతని వ్యాధిమీద మరియొక భారమును మోపుచున్నాడు. హెచ్.ఐ.వి. రోగులను మందులు మానుమని చెప్పు బోధకులు ఆఫ్రికాలో నేటికిని కలరు. మానినవారిలో వ్యాధి తిరిగి విజృంభించును. ఇట్టి బోధను మనము ఎదిరింపవలెను. అటులనే, మందిచ్చి రోగి ముఖము చూడని వైద్యముకూడ కొరతపడినదే. రోగి ప్రక్కను రాత్రియంతయు కూర్చుండి ప్రార్థించిన అలదూర విశ్వాసులు, వైద్యులకును నేర్పదగిన దానిని ఎరిగియుండిరి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

(1) 1918లో ప్రార్థనాగుంపులు పుట్టుటకును, కొయినా విషయమున సంఘము చీలుటకును గల కారణములలో భేదమేమి?
(2) డాప్సోను మాత్రకంటె ముందుగా హార్‌కోర్ట్ వైట్‌కు దొరకిన స్వస్థత యెట్టిది?
(3) మీ ఇంట ఒకరు జబ్బుపడినప్పుడు వైద్యునికొరకు ఎవరు పరుగెత్తుదురు, ప్రక్కను ఎవరు కూర్చుందురు? ఈ రెండు పనులలో దేనిని మానవచ్చును?