ఊక బూడిదా, నూనె బావి సిమెంటూ

తృతీయ బి.యస్సి. విద్యార్థి

సిమెంటు అనగానే మనకి గుర్తొచ్చేవి ఇల్లు, వంతెన, ఆనకట్ట. నేల లోపల మూడు నాలుగు కిలోమీటర్ల లోతున, ఉక్కు గొట్టం చుట్టూ, అంగుళంన్నర మందం కూడా లేని సిమెంటు తొడుగు ఒకటి వుంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. నూనె బావికైనా, గ్యాసు బావికైనా ఆ తొడుగే ప్రాణం. కృష్ణా గోదావరి బేసిన్‌లో వరిచేల మధ్యా, కొబ్బరి తోటల మధ్యా ఇలాంటి బావులు ఎన్నో వున్నాయి. మాది కోనసీమలో వ్యవసాయ కుటుంబం. పైన బోరు నీళ్ళు, ఎంతో కింద గ్యాసు. బావి తొలిచిన చోట ఈ రెంటినీ కలవకుండా ఆపేది ఈ తొడుగే. అందుచేత మా బోటివాళ్ళకి ఇది పరీక్ష కోసం చదివే పాఠం మాత్రమే కాదు.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. రిగ్గుతో కొంత లోతు తొలిచాక అందులోకి ఉక్కు గొట్టాలు ఒకదానికొకటి మరలు బిగించి దింపుతారు. దీన్ని కేసింగు అంటారు. 12¼ అంగుళాల రంధ్రంలోకి 9⅝ అంగుళాల కేసింగు దింపారనుకోండి, చుట్టూ సన్నని సందు మిగులుతుంది. సిమెంటుని నీళ్ళతో జావలా కలిపి గొట్టం లోపల నుంచి కిందికి పంపు చేస్తారు. ఆ జావ అడుగుకి చేరి, గొట్టం చివర నుంచి బయటికొచ్చి, సందులోంచి పైకెక్కుతుంది. తరువాత గట్టిపడుతుంది. ఇల్లు కట్టే మేస్త్రీ తన పనిని కళ్ళతో చూసుకుంటాడు, చేత్తో తట్టి చూసుకుంటాడు. ఇక్కడ ఆ వీలు లేదు. గొట్టంలోకి పరికరాలు దింపి, శబ్ద తరంగాలు పంపి, సిమెంటు పట్టిందో లేదో ఊహించాల్సిందే.

1903లో కాలిఫోర్నియాలోని లాంపాక్ అనే చోట, బావిలోకి నీళ్ళు చొరబడుతుంటే 50 బస్తాల సిమెంటు కలిపి అడుగున పోసి, 28 రోజులు ఆగి మళ్ళీ తొలిచారట. సిమెంటుతో బావిని మూసే విద్యకి దాన్నే మొదలుగా చెబుతారు. ఇప్పుడంత కాలం ఎవరూ ఆగరు. రిగ్గు అద్దె అలాంటిది మరి! జావ కిందికి వెళ్ళి పైకొచ్చే గంటలసేపూ పల్చగా వుండాలి. చేరవలసిన చోటికి చేరగానే త్వరగా బిగియాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు. అందుకే రకరకాల మందులు కలుపుతారు. తమాషా ఏమిటంటే, సిమెంటు తొందరపడి బిగుసుకోకుండా ఆపే లిగ్నోసల్ఫొనేట్ అనే మందు కాగితం మిల్లుల వ్యర్థమే. కర్ర గుజ్జు ఉడకబెట్టగా మిగిలిన ద్రవంలోంచి అది వస్తుంది. కాబట్టి నూనె బావిలో వ్యర్థ పదార్థాలు కలపడమనేది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదన్నమాట.

ఈ తొడుగు చెడితే ఏమవుతుంది? 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో మకాండో బావి పేలి 11 మంది చనిపోయారు. 87 రోజులపాటు నూనె సముద్రంలోకి పారింది. బావి అడుగున పోసిన సిమెంటు నూనెనీ, గ్యాసునీ ఆపలేకపోయిందని విచారణలో తేలింది. మన దగ్గర పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఎగిసిన మంట 65 రోజులు మండి మార్చి 15న ఆరింది. ఆ రోజుల్లో రాత్రిపూట కూడా దీపం అక్కర లేకపోయేదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రమాదం బావి తొలుస్తుండగా జరిగినది గనుక నేరం సిమెంటు మీదికి తోయడం న్యాయం కాదు. కాని బావి అదుపు తప్పితే చేలూ తోటలూ ఏమవుతాయో మావాళ్ళు చూశారు. అది చెప్పడానికే దాన్ని తలచుకున్నాను.

ఇక అసలు విషయం. లోతుకి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది. సగటున కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు. పైన 30 డిగ్రీలు వుంటే నాలుగు కిలోమీటర్ల కింద 130, 150 అన్నమాట. మామూలు సిమెంటుకి ఈ వేడి గిట్టదు. ఎందుకో తెలియాలంటే కాస్త కెమిస్ట్రీ కావాలి.

సిమెంటులో ముఖ్యమైనది ట్రైకాల్షియం సిలికేట్. నీళ్ళు తగలగానే అది రెండుగా విడిపోతుంది. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్. జిగురులాంటి ఈ పదార్థమే సిమెంటుకి బలం. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మన తడి సున్నమే. దీనివల్ల బలం లేదు. పైగా నీళ్ళకి కరుగుతుంది, ఆమ్లాలకి లొంగుతుంది. చల్లని చోట ఈ రెండూ సర్దుకుని బతుకుతాయి. వేడి సుమారు 110 డిగ్రీలు దాటిందంటే కథ మారుతుంది. ఆ జిగురు ఆల్ఫా డైకాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే స్ఫటికంగా మారిపోతుంది. ఇది జిగురు కన్నా సాంద్రమైనది, అంటే తక్కువ చోటు తీసుకుంటుంది. అది ఖాళీ చేసిన చోట రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గుతుంది. అంతకన్నా ప్రమాదం, రంధ్రాల గుండా గ్యాసు దారి చేసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గట్టిపడవలసిన సిమెంటు రోజులు గడిచేకొద్దీ డొల్ల అవుతుంది.

దీనికి విరుగుడు చాలా ఏళ్ళ క్రితమే కనిపెట్టారు. సిమెంటు బరువులో 35 నుంచి 40 శాతం సిలికా కలపడం. సిమెంటులో సున్నం పాలు ఎక్కువ, సిలికా పాలు తక్కువ. పైనుంచి సిలికా కలిపి రెంటినీ దాదాపు సమానం చేస్తే, అదే వేడిలో చెడ్డ స్ఫటికానికి బదులు టోబర్మొరైట్ అనే మంచి స్ఫటికం పుడుతుంది. వేడి ఇంకా ఎక్కువైతే జోనోట్లైట్ వస్తుంది. ఇవి బలాన్ని నిలబెడతాయి, రంధ్రాలు పెరగనివ్వవు. టోబర్మొరైట్ స్కాట్లండులో టోబర్మొరీ అనే ఊరి దగ్గర దొరికిన ఖనిజం, ఆ ఊరి పేరే దానికి పెట్టారు. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ రేవుల కాంక్రీటులో కూడా దీని చుట్టం ఒకటి కనిపించింది. వాళ్ళు కలిపింది అగ్నిపర్వతపు బూడిద.

ఇప్పుడు బావుల్లో కలిపే సిలికా ఎక్కడిది? క్వార్ట్జ్ ఇసకని పిండిలా మర విసిరి వాడతారు. ఇసకని విసరడానికి బోలెడు కరెంటు. సిలికాయే కావాలంటే మా ఇళ్ళలో తరతరాలుగా వుంది. మా నాయనమ్మ ఊక బూడిదతో ఇత్తడి గిన్నెలు తళతళలాడేలా తోమేది. పళ్ళు తోముకునేదీ దానితోనే. ఆ బూడిదకి గిన్నెను గీకే గుణం ఎక్కడిదని అప్పట్లో ఎవరూ అడగలేదు. అది సిలికా గుణం. వరి మొక్క నేలలోంచి సిలికాని పీల్చుకుని గింజ పైపొట్టులో దాచుకుంటుంది. ఊకలో అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మన దేశస్థుడు ప్రొఫెసర్ పి.కె. మెహతా 1970లలోనే ఊక బూడిదతో సిమెంటు తయారు చేయడం మీద పరిశోధనలు చేశారు. అవి ఇళ్ళూ వంతెనల కాంక్రీటు కోసం. నూనె బావి సిమెంటులో దీన్ని కలిపి చూసే పని ప్రయోగశాలల్లో ఆ తరువాత మొదలైంది.

లెక్క వేసి చూశాను. టన్ను ధాన్యం ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 40 కిలోల బూడిద. వంద కిలోల సిమెంటుకి 35 కిలోల సిలికా కావాలి. అంటే రెండు బస్తాల సిమెంటుకి టన్ను ధాన్యపు ఊక సరిగ్గా సరిపోతుంది. పైన చెప్పిన 12¼ అంగుళాల రంధ్రంలో 9⅝ అంగుళాల కేసింగు చుట్టూ ఒక కిలోమీటరు పొడవున సందు నింపడానికి 29 ఘనమీటర్ల జావ పడుతుంది. అందులో సుమారు 28 టన్నులు సిమెంటు, 10 టన్నులు సిలికా. పది టన్నుల సిలికాకి 11 టన్నుల బూడిద, దానికి 275 టన్నుల ధాన్యం. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండుతాయనుకుంటే, ఇది 120 ఎకరాల పంట. మా ఊరి ఆయకట్టులో ఒక మూల పండిన ఊక ఒక బావికి ఒక కిలోమీటరు తొడుగు! ఇందులో సంచీలో మిగిలిపోయినవీ, రంధ్రం గోడలు విరిగిన చోట ఎక్కువ పట్టేవీ లెక్కించలేదు.

ఇంత సులువైతే ఈపాటికి అందరూ చేసేవాళ్ళే కదా అనవచ్చు. ఇబ్బందులున్నాయి, వాటిని దాచి వ్యాసం రాయడం నాకిష్టం లేదు. మన ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లలో ఊకని ఎలా పడితే అలా కాలుస్తారు. ఒక చోట సగం కాలి నల్లగా బొగ్గు మిగులుతుంది. ఆ బొగ్గు, జావలో కలిపిన మందుల్ని తాగేస్తుంది. ఎంత మందు వేస్తే ఎంతసేపటికి బిగుస్తుందో అంచనా తప్పుతుంది. బావిలో అంచనా తప్పడమంటే గొట్టం మధ్యలోనే సిమెంటు బిగుసుకుపోవడం. రెండోది, ఊక బూడిద రేణువులు తేనెపట్టులా బెజ్జాల బెజ్జాలుగా వుంటాయి. అవి నీళ్ళు పీల్చేసి జావని ముద్ద చేస్తాయి. నీళ్ళు ఎక్కువ పోస్తే బలం పోతుంది. కనుక రేణువుల్ని బాగా నూరి, పల్చబరిచే మందు కలిపి తీరాలి.

కాల్చే వేడి సంగతి మరీ విచిత్రం. 500 నుంచి 700 డిగ్రీల లోపల కాలిస్తే సిలికా స్ఫటికం కాకుండా, గాజులా వుంటుంది. సున్నంతో చురుగ్గా కలిసేది అదే, కాంక్రీటు వాళ్ళు కోరేదీ అదే. అంతకన్నా ఎక్కువ వేడిలో స్ఫటికమై మొద్దుబారుతుంది, వాళ్ళు దాన్ని పారేస్తారు. కాని వేడి బావిలో ఇప్పుడు వాడుతున్న క్వార్ట్జ్ పిండి స్ఫటికమే కదా! పైన కదలని స్ఫటికం కింద 110 డిగ్రీలు దాటాక బద్ధకం వదిలి పనిచేస్తుంది. మరీ చురుకైనది తొందరగా ఖర్చయిపోయి జావని చిక్కబరుస్తుంది కూడా. కనుక కాంక్రీటుకి పనికిరాదని తోసేసిన అతిగా కాలిన బూడిద లోతు బావికి పనికిరావచ్చునేమో, పరీక్షించి చూడదగ్గ మాట. ఐతే స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. మిల్లుల దగ్గర బూడిద కుప్పల పక్కనుంచి సైకిలు తొక్కినవాళ్ళకి అది కళ్ళలో పడటం ఎలా వుంటుందో తెలుసు. బస్తాలకెత్తే కూలీ ముక్కుకి గుడ్డ కూడా లేకుండా ఆ పని చేస్తాడు. చవక అనే లెక్కలో అతని ఊపిరిని కూడా వేయాలి.

థర్మల్ స్టేషన్ల బూడిద మరో దారి. మన బొగ్గులో మూడో వంతుకి తక్కువ కాకుండా బూడిదే వుంటుంది గనుక విజయవాడ, రామగుండం లాంటి చోట్ల దానికి కొదవ లేదు. ఇందులో సిలికాతోపాటు అల్యూమినా కూడా వుంటుంది. సిమెంటు సాంద్రత 3.15 అయితే దీని సాంద్రత రెండుకి కాస్త పైన. కలిపితే జావ తేలికవుతుంది. బరువైన జావ ఒత్తిడికి పగిలిపోయే మెత్తని రాతి పొరల్లో ఇది మంచి గుణం. వేడి బావుల్లో మాత్రం ఇది ఒక్కటే సిలికా పిండికి బదులు నిలబడుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. ఉక్కు కర్మాగారాల స్లాగు కూడా ఈ బంధువర్గంలోదే. 1990ల మొదట్లో తొలిచే బురదలోనే స్లాగు కలిపి సిమెంటుగా మార్చే పద్ధతిని షెల్ కంపెనీ ప్రయత్నించింది.

పాత టైర్ల రబ్బరు పొడి సంగతి వేరు. అది కలిపితే బలం పెరగదు, తగ్గుతుంది. మరెందుకు కలపడం? ఇక్కడే మనం ‘బలం’ అన్న మాటని కాస్త పట్టించుకోవాలి. మన ఇళ్ళకి వాడే 43 గ్రేడు సిమెంటు 28 రోజుల్లో 43 మెగాపాస్కల్స్ బలం చూపాలి. బావిలో కేసింగుని మోసి మళ్ళీ తొలవడం మొదలుపెట్టడానికి సుమారు 3.5 చాలునంటారు. పన్నెండో వంతు! బావికి కావలసింది పగలకుండా వుండటం. బావిని మూసీ తెరిచీ చేస్తుంటే గొట్టం ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గట్టి సిమెంటు పెళుసు కనుక వెంట్రుకవాసి పగుళ్ళిస్తుంది. గ్యాసుకి అంత దారి చాలు. రబ్బరు రేణువులున్న సిమెంటు కొంచెం వంగి సర్దుకుంటుంది. కాబట్టి ఫలానా వ్యర్థం కలిపితే బలం ఇంత శాతం పెరిగిందని ఎవరైనా పట్టిక చూపిస్తే, ఎంత వేడిలో, ఎన్నాళ్ళ తరువాత, గ్యాసు చొరబాటు చూశారా అని అడగాలి. గది వేడిలో 28 రోజులుంచి విరగ్గొట్టిన దిమ్మె పాతాళం గురించి చెప్పేది తక్కువ.

మన కాలేజీలో ఇందులో కొంత చేయవచ్చు. ఊకని మఫిల్ ఫర్నేసులో 600 డిగ్రీల దగ్గర ఒకటి, 900 దగ్గర ఒకటి కాల్చి, మిల్లు బూడిదని మూడోదిగా పెట్టుకుని, ఒక్కొక్క దానిలో మిగిలిన బొగ్గెంతో తూచడం వారం పని. సిమెంటులో 35 శాతం చొప్పున కలిపి దిమ్మెలు పోయవచ్చు. వేడిలో నానబెట్టడానికి మన దగ్గర బావి లేదు గాని, బోటనీ వాళ్ళ ఆటోక్లేవు వుంది. అది 121 డిగ్రీలకి వెళుతుంది. సిమెంటు బలం చెడటం మొదలయ్యే 110 కన్నా పది డిగ్రీలు పైనే. బావిలో వుండే ఒత్తిడి దానిలో రాదు, వారం రోజులు ఏకబిగిన నడపడమూ కుదరదు. రోజుకి ఇన్ని గంటల చొప్పున నడిపి, ఏమీ కలపని దిమ్మెతో పోల్చి చూసుకోవాలి. దిమ్మెలు విరగ్గొట్టడానికి సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళ యంత్రం అడుక్కోవాలి. బూడిద మాత్రం నేను ఊరినుంచి తెస్తాను. మిల్లు యజమాని ఎన్ని బస్తాలైనా ఊరికే ఇస్తానన్నాడు.