గాలి కారును ఎంత ఆపుతోంది?

ప్రశ్న: మాది నంద్యాల. కారుపైన క్యారియర్ బిగించాక మైలేజీ తగ్గింది. గాలి నిరోధాన్ని మనమే కొలవగలమా?

జవాబు: కొలవచ్చండి. నంద్యాల–ఆళ్లగడ్డ మధ్య కుందూ లోయ చదునైన నేలే. అక్కడ వాహనాల్లేని తిన్నని రోడ్డు చూసుకుని, గాలి వీయని తెల్లవారుజామున వెళ్లండి. వేగం అందుకున్నాక న్యూట్రల్‌లో వదిలేయండి. వేగం గంటకు 90 నుంచి 80 కిలోమీటర్లకి, 40 నుంచి 30కి పడిపోయే సమయాలు పక్కనున్నవారు కొలవాలి. వాలు ప్రభావం పోవాలంటే రెండు దిశల్లోనూ కొలిచి సగటు తీయండి.

మనుషులతో కలిపి బరువు వెయ్యి కిలోలు, సమయాలు 8, 16 సెకన్లు అనుకుందాం. నిరోధాలు సుమారు 347, 174 న్యూటన్లు. టైర్ల రాపిడి రెండింటిలోనూ దాదాపు సమానం. తేడా 173 గాలిదే. ఎండాకాలపు గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోలు తీసుకుంటే, గాలి నిరోధ గుణకాన్ని ముందుభాగం వైశాల్యంతో హెచ్చించిన విలువ సుమారు 0.68 చదరపు మీటర్లు. వైశాల్యం 2.1 అయితే గుణకం దాదాపు 0.32.

టైర్లలో గాలి, బరువు మార్చకుండా క్యారియర్ తీసేసి మళ్లీ కొలవండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు. స్టీరింగ్, బ్రేకులు బిగుసుకుంటాయి.