ఆరో వన్స్‌మోర్

అడ్డతీగల,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి మేనల్లుడికి,

మొన్నటి గాలివానకు కరెంటు పోయి రెండు రోజులైంది. ఫోనుకు చార్జింగు ఉన్నప్పుడు సిగ్నలు ఉండదు, సిగ్నలు ఉన్నప్పుడు చార్జింగు ఉండదు. అందుకే కాగితం తీశాను. నిజం చెప్పాలంటే అదొక సాకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో నవ్వేస్తావు, నేను చెప్పదలచుకున్నది మింగేస్తాను. ఉత్తరానికి అడ్డం రాలేవు కదా.

పోయిన శనివారం రాత్రి నువ్వు హైదరాబాదు నుంచి చేసిన ఫోను సంగతే ఇది. ఆరింటికి మొదలవ్వాల్సిన పాటకచేరీ ఎనిమిదిన్నరకు మొదలైందన్నావు. మీరు నలుగురూ ఆలస్యంగా వెళ్ళి కూడా, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, చిన్నపిల్లల రైలాటలాగా జనంలోంచి తోసుకుంటూ స్టేజీ ముందుకు చేరిపోయామన్నావు. అక్కడిదాకా నేనూ నవ్వుతూనే విన్నాను. తరవాత ఒకావిడ మాట చెప్పావు. చంకలో పిల్లతో నీ వెనకాల నిలబడిందట. నీ భుజం రెండుసార్లు తట్టి, ‘బాబూ, ఆ ఫోను కాస్త దించు, పిల్లకి కనబడటం లేదు’ అందట. నువ్వు దించలేదట. ‘కచేరీలంటే అంతే మామయ్యా’ అన్నావు. ఆ ‘అంతే’ దగ్గర నాకు ముల్లు దిగింది.

నీకు బుద్ధులు చెప్పేంత శుభ్రమైన చరిత్ర నాది కాదు. నీ వయసులో నేను చేసిన పని ఒకటి మీ అమ్మకు కూడా తెలియదు. ఇప్పుడు చదివి వినిపించకు.

కింద మైదానంలో ఒక ఊళ్ళో తీర్థం. రాత్రికి సత్యహరిశ్చంద్ర నాటకం. మేం ముగ్గురం ఏలేశ్వరం దాకా కలప లారీ మీద వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకమే అయినా, కాటిసీనులో జాషువాగారి శ్మశానవాటి పద్యాలు కూడా కలిపి పాడటం ఆ రోజుల్లో మామూలు. జనం వచ్చేది ఆ సీను కోసమే. అది వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. హరిశ్చంద్రుడు నల్ల గొంగడి భుజాన వేసుకుని పద్యం ఎత్తుకున్నాడు. రాగం పందిరి దాటి చెరువు గట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఈలలు. వన్స్‌మోర్. పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్. మళ్ళీ పాడాడు. మూడోసారికి జనం కడుపు నిండింది. మాకు నిండలేదు. అప్పటికి మాకు పద్యంతో పని లేదురా. మేం అరిస్తే ఆయన పాడక తప్పడం లేదు, ఆ రుచి మరిగాం. నాలుగు, అయిదు. ఆరోసారి పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. హార్మోనియం ఆయన గబుక్కున బెల్లోసు నొక్కి ఆ ఖాళీని శ్రుతితో కప్పేశాడు. మేం నవ్వాం.

పొద్దున్నే బస్సు కోసం టీకొట్టు దగ్గర కూర్చున్నాం. హరిశ్చంద్రుడు వచ్చాడు. ముఖం కడుక్కున్నాడు గానీ చెవుల వెనక బూడిద అలాగే ఉంది. టీకొట్టు అబ్బాయి ఏం కావాలంటే నోరు తెరిచాడు, మాట రాలేదు. రెండు వేళ్ళు చూపించాడు, తనకొకటి, హార్మోనియం ఆయనకొకటి. ఆ రాత్రి ఇంకో ఊళ్ళో ఆట ఉందని హార్మోనియం ఆయన ఎవరితోనో చెబుతున్నాడు. నేను అదే బల్ల మీద, జానెడు దూరంలో ఉన్నాను. ఆ రెండు టీల డబ్బులు నేనిద్దామనుకున్నాను. జేబులో చెయ్యి కూడా పెట్టాను. ఇవ్వలేదు. ఇస్తే ఎందుకని అడుగుతారు కదా.

అందుకని, నువ్వు చేసింది నాకు తెలియని పని కాదు. చీకట్లో, వేలమంది మధ్య, మనకు మొహం ఉండదు. ఆ మొహం లేకపోవడమే సగం సరదా. తెల్లారితే గదా చెవి వెనక బూడిద కనబడేది.

ఇక ఆ తోసుకుంటూ వెళ్ళడం. దీని గురించి నాకూ చాలా ఏళ్ళు తెలియదు. తొక్కిసలాట అంటే కింద పడ్డవాళ్ళు కాళ్ళ కింద నలిగిపోవడం అనుకుంటాం. చాలామంది నిలబడే పోతారు. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరాక మనిషికి తన కాళ్ళ మీద తనకు అధికారం ఉండదు. గుంపు వరదనీళ్ళలా అటూ ఇటూ ఊగుతుంది. వెనకెక్కడో నలుగురు సరదాకి తోసిన తోపు మనిషి నుంచి మనిషికి పాకి ముందున్న బారికేడు దగ్గర ఆగుతుంది. అక్కడ ఉన్నవాడి ఛాతీ నొక్కుకుపోతుంది. ఊపిరి వదలగలడు, తీసుకోలేడు. అరవడానికి కూడా గాలి ఉండదు గనక వెనకవాళ్ళకు ఏమీ తెలియదు, వాళ్ళు పాడుకుంటూనే ఉంటారు. 2021 నవంబరు 5న అమెరికాలో హ్యూస్టన్‌లో ట్రావిస్ స్కాట్ పాటల పండగలో 10 మంది ఇలాగే పోయారు. అందులో ఒకడు తొమ్మిదేళ్ళ పిల్లాడు, తండ్రి భుజాలెక్కి చూస్తున్నవాడు. అంత దూరం ఎందుకు, 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాటులో 27 మంది. మీ అమ్మ మొదటి రోజే మునగాలని పట్టుబట్టింది, మీ అత్తకు జ్వరం వచ్చి ఆగాం. 2024 డిసెంబరు 4 రాత్రి మీ హైదరాబాదులోనే, సంధ్య థియేటరు దగ్గర, పిల్లలతో సినిమాకు వెళ్ళిన ఒక తల్లి. ఈ లెక్కలు నిన్ను భయపెట్టడానికి కాదు. మీరు ఆడిన రైలాటకు చివరి డబ్బా ఎక్కడ ఉంటుందో చూపించడానికి.

తప్పంతా జనానిదే అని నేననను. 2023 సెప్టెంబరు 10న చెన్నై శివార్లలో ఏ.ఆర్. రెహమాన్ కచేరీ జరిగింది. డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాళ్ళు ఎంతోమంది గేటు బయటే ఉండిపోయారు. లోపలికి రాలేకపోయినవాళ్ళు టికెట్టు నకలు పంపండని రెహమానే స్వయంగా అడగాల్సి వచ్చింది. చోటు ఎంతో, మనుషులు ఎంతమందో చూసుకోనివాడు మొదటి దోషి, అందులో అనుమానం లేదు. జనాన్ని రెండున్నర గంటలు నిలబెట్టినవాడి మీద నాకూ కోపంగానే ఉంది. కానీ ఆ రోజు చెన్నైలో ఆడవాళ్ళు చెప్పుకున్న ఇంకో బాధ ఉంది, ఆ ఇరుకులో తమ ఒంటి మీద చేతులు పడ్డాయని. ఆ చేతులు టికెట్లు అమ్మినవాడివి కావు.

పాడేవాళ్ళనైనా వదులుతున్నారా? 2023 మే నెలలో ఔరంగాబాదులో అరిజిత్ సింగ్ పాడుతుంటే అభిమానం పట్టలేని ఎవరో చెయ్యి పట్టి లాగారు. చెయ్యి వణుకుతోంది, నేను వెళ్ళిపోనా అని ఆయన మైకులోనే మర్యాదగా అడిగాడు. మరుసటి నెలలో న్యూయార్కులో బీబీ రెక్సా అనే గాయని మీదికి ఒకడు ఫోను విసిరితే కనుబొమ దగ్గర కుట్లు పడ్డాయి. మన సినిమా ఫంక్షన్ల సంగతి చెప్పనక్కర్లేదు. పాపం పాడే అమ్మాయి పల్లవి అందుకోగానే కింద నుంచి ఎవడో హీరో పేరు అరుస్తాడు, మిగతావాళ్ళు అందుకుంటారు, ఆవిడ మైకు పట్టుకుని నవ్వుతూ నిలబడాలి. ఆ నవ్వు నాకు ఆ హార్మోనియం శ్రుతిలాగే కనిపిస్తుంది, కప్పేసే పని.

ఇదంతా చదివి, మామయ్య ఇంక నన్ను చేతులు కట్టుకుని కూర్చోమంటాడేమో అనుకోకు. నాకు అలాంటి సభలు పడవు. ఈల వెయ్యి, గంతులెయ్యి, గొంతు పోయేదాకా పాడు. మనది డోలు చప్పుడుకు పుట్టిన ఊరు. కానీ మనవాళ్ళు గోల చేసే తీరు ఒకసారి గుర్తు తెచ్చుకో.

వేసవిలో మన వైపు భూమి పండగకు ఆడవాళ్ళు వరసకట్టి ఆడటం చిన్నప్పుడు చూశావు కదా. నడుముల వెనకనుంచి చేతులు పెనవేసుకుంటారు. డోలు ఎటు చెబితే వరసంతా అటు. అక్కడ ముందు వరస లేదు. కొత్తగా ఎవరైనా వస్తే ఇద్దరు చేతులు విడదీసి మధ్యలోకి తీసుకుంటారు, వరస అంతమేర పొడుగవుతుంది. జీలుగు కల్లు ఎక్కువై అడుగు తప్పినవాడు వచ్చి దూరితే తిట్టరు, కొట్టరు. మెల్లగా తప్పించి చెట్టు కింద కూర్చోబెడతారు. తప్పడుగు పక్కమనిషి నడుముకు తెలుస్తుంది కాబట్టి దాచడం కుదరదు.

పోయినేడు ఆ రోజుల్లోనే ఒక కారు వచ్చి ఆగింది. దారికి అడ్డంగా వెదురు బొంగు పెట్టి, ఆడి పాడి, పదో పరకో అడగడం మామూలే కదా. కార్లోని కుర్రాళ్ళు డబ్బులిచ్చారు, బాగానే ఉంది. తరవాత దిగి వరస మధ్యలోకి వచ్చారు. ఒకడు ఫోను కర్రకు తగిలించి తన మొహమే తీసుకుంటున్నాడు. ఇంకొకడు చివర ఉన్న ముసలమ్మ చెయ్యి పట్టి సినిమాలోలాగా గిర్రున తిప్పబోయాడు. ఆవిడ ఏమీ అనలేదు. చెయ్యి విడిపించుకుని, కొంగు సర్దుకుని, వెళ్ళి రాతి మీద కూర్చుంది. పక్కావిడ జరిగి ఆ ఖాళీ పూడ్చింది. డోలు ఆగలేదు. కుర్రాళ్ళకు ఏం జరిగిందో తెలియనే లేదు, చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళలో నీలాంటివాడు కూడా ఉండే ఉంటాడు, ఇంటికి ఫోను చేసి భలే సరదాగా గడిచిందని చెప్పేవాడు.

మన ఊరివాళ్ళంతా బంగారమని కాదు. పెళ్ళికి డీజే పెట్టెలు తెచ్చి, రాత్రి పదిన్నరకు కూడా పక్కింట్లో రోగి ఉన్నాడన్న జ్ఞానం లేకుండా మోగించేవాళ్ళు ఇక్కడా తయారయ్యారు. వెళ్ళి చెబితే, ‘పెళ్ళంటే అంతే మాస్టారూ’ అంటున్నారు. చూశావా, ఆ ‘అంతే’ ఇక్కడికీ వచ్చేసింది.

ఇంకో మాట. మన ఊరి పోలీసు స్టేషను మీదికి 1922 అక్టోబరు 15న దాడికి వచ్చిన అల్లూరి సీతారామరాజు కూడా ముందు కబురు పంపి మరీ వచ్చాడని చెబుతారు. దాడికే అంత మర్యాద ఉంటే, పాట వినబోయిన నీ నోటికి ‘కాస్త జరగండి’ అన్న మాట ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు.

ఫోను గురించి ఎక్కువ రాయను. బాబ్ డిలాన్ అనే పెద్దాయన కచేరీల్లో జనం ఫోన్లను తాళం పడే సంచుల్లో పెట్టిస్తున్నారట. నీకది దౌర్జన్యంగా ఉంటుంది. నాకు మాత్రం ఆ సంచి పట్టుకుని ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషి ఏం చేస్తాడా అని కుతూహలంగా ఉంది.

అత్తయ్య కొత్త చింతపండు గింజ తీసి, అడ్డాకుల్లో కట్టి పంపిస్తోంది. మామిడి పండగ అయిపోయింది కాబట్టి కాయలు కూడా పెట్టింది. అవి మీ నలుగురికీ.

అన్నట్టు, ఫోనులో నువ్వు లైట్ల గురించి చెప్పావు, పొగ గురించి చెప్పావు, ఎంత ముందుకు వెళ్ళారో చెప్పావు. ఆవిడ రెండోసారి నీ భుజం తట్టినప్పుడు స్టేజీ మీద ఏ పాట నడుస్తోంది? వీడియో చూడకుండా చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య