ఓర్పు ఒక్కటే చాలదు.. శిక్షణ కావాలి
ఆటిజం పిల్లలకు పాఠం చెప్పే టీచర్లకు పీజీ స్థాయి కోర్సులు

బడి గంట మోగగానే ఒక పిల్లవాడు చెవులు మూసుకుని వరండాలోకి పరుగెత్తుతాడు. టీచరు ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఆ ప్రశ్ననే మళ్లీ అప్పజెబుతాడు. మొండివాడని ఒకరు, పెంపకం బాగాలేదని మరొకరు తీర్పు చెప్పేస్తారు. శిక్షణ పొందిన టీచరుకు మాత్రం ఆ గంట శబ్దం అతనికి భరించలేనిదని అర్థమవుతుంది. ప్రశ్నను తిరిగి అనడం వెక్కిరింత కాదని, దాన్ని ఎకోలేలియా అంటారని, అది కూడా మాట్లాడే ప్రయత్నమేనని తెలుస్తుంది. మంచి మనసు, ఓర్పు ఉన్న టీచర్లు మన బడుల్లో ఎందరో ఉన్నారు. వారికి అందనిది ఈ శిక్షణే. బీఈడీ తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్నవారు ఈ రంగం వైపు తప్పక చూడాలి.

అవకాశాలు ఎక్కడ?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఈ పిల్లలను మామూలు బడుల్లోనే చేర్చుకుని చదివించాలని ఆ చట్టం చెబుతోంది. ఎంతమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు ఉండాలో ప్రమాణాలు ప్రకటించాలని రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. 2022లో కేంద్రం ప్రకటించిన ఆ ప్రమాణాల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలి.

దీని ప్రభావం మన నోటిఫికేషన్లలోనూ కనిపిస్తోంది. తెలంగాణ డీఎస్సీ-2024లోని 11,062 పోస్టుల్లో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్‌వే. వాటిలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఇలాంటివే 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఏపీ టెట్‌లో ఈ అభ్యర్థులకు 1-బి, 2-బి పేపర్లు విడిగా ఉన్నాయి. సీబీఎస్‌ఈ బడులకు స్పెషల్ ఎడ్యుకేటర్ తప్పనిసరి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) కొలువులు, ప్రైవేటు థెరపీ కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు కూడా ఉపాధి మార్గాలే. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఎంఈడీ చేసినవారు స్పెషల్ బీఈడీ కాలేజీల్లో అధ్యాపకులుగా వెళ్లవచ్చు.

ఏ దారిలో వెళ్లాలి?

ముందుగా తెలుసుకోవాల్సిన పేరు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి. 1992 చట్టంతో ఏర్పడిన ఈ సంస్థ గుర్తించిన కోర్సు చదివి, సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు నమోదైతేనే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేసే హక్కు వస్తుంది. మామూలు బీఈడీ ఎంత మంచి మార్కులతో పాసైనా ఈ నమోదుకు సరిపోదు.

ఎంఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్: రెండేళ్ల కోర్సు. స్పెషల్ బీఈడీ చేసినవారు నేరుగా చేరవచ్చు. మామూలు బీఈడీ ఉన్నవారు ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా కూడా పూర్తిచేస్తే అర్హులవుతారు. 50 శాతం మార్కులు ఉండాలి.

పీజీ డిప్లొమా ఇన్ ఎర్లీ ఇంటర్వెన్షన్: ఏడాది కోర్సు. బడి వయసు రాని చిన్నారులతో పనిచేయాలనుకునేవారికి తగినది.

స్పెషల్ బీఈడీ: డిగ్రీ తర్వాత రెండేళ్లు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి ఇదే మొదటి మెట్టు.

తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ (జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ). 1984లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో డిప్లొమా నుంచి ఎంఈడీ వరకు కోర్సులు ఉన్నాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులోని నీప్‌మెడ్ (జాతీయ బహుళ వైకల్యాల సాధికారత సంస్థ) మరో జాతీయ సంస్థ.

ఏం నేర్పుతారు?

ఆటిజం తీవ్రతను అంచనా వేయడానికి మన దేశంలో వాడే ఇసా స్కేలు సికింద్రాబాద్ సంస్థలోనే రూపుదిద్దుకుంది. అందులో 40 అంశాలుంటాయి. ఆటిజం ఉందని నిర్ధారించేది వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులే. ఆ నివేదిక చదివి, పిల్లవాడికి ఈ మూడు నెలల్లో ఏం నేర్పాలో రాసుకోవడం టీచరు పని. దాన్నే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, ఐఈపీ అంటారు.

ప్రవర్తనను చదవడం రెండో పాఠం. పిల్లవాడు అరిచినప్పుడు దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం దక్కింది అని రోజూ రాసుకుంటూ పోతే కారణం దొరుకుతుంది. లెక్కల పీరియడ్‌లోనే అరుస్తుంటే, పని కష్టంగా ఉందని చెప్పడానికి అతని దగ్గర వేరే మాట లేదేమో! అప్పుడు శిక్ష అక్కరలేదు, 'సాయం కావాలి' అని సూచించే ఒక బొమ్మ కార్డు ఇవ్వాలి. రోజు కార్యక్రమాన్ని బొమ్మల వరుసగా గోడకు అతికించే పద్ధతి అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన టీచ్ కార్యక్రమంతో ప్రాచుర్యంలోకి వచ్చింది. తరువాత ఏం జరగబోతోందో ముందే తెలిస్తే చాలామంది పిల్లల్లో ఆందోళన తగ్గుతుంది.

మన దగ్గర ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది భాష. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనలు తేల్చలేదు. అమ్మ, నాయనమ్మ మాట్లాడే భాష దూరమైతే మాత్రం ఆ బిడ్డ ఇంట్లోనే ఒంటరవుతాడు. బొమ్మ కార్డుల మీద తెలుగు మాటలు రాయగల టీచర్లు మనకు కావాలి.

చేరే ముందు చూసుకోండి

ఆర్‌సీఐ వెబ్‌సైట్లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు, మీరు చేరే సంవత్సరానికి గుర్తింపు ఉన్నాయో లేదో సరిచూసుకోండి. కొన్ని వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు అవగాహనకు పనికొస్తాయి కానీ రిజిస్టర్‌లో నమోదుకు పనికిరావు. పిల్లలతో ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అని అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టకండి.

ఈ పనిలో ఫలితం నెమ్మదిగా వస్తుంది, కాంట్రాక్టు కొలువుల్లో జీతం తక్కువగా ఉండవచ్చు. అందుకే దరఖాస్తుకు ముందే మీ మండలంలోని భవిత కేంద్రంలో అనుమతి తీసుకుని కొన్ని రోజులు కూర్చోండి. ఆ పిల్లలు ఎందుకలా చేస్తున్నారో తెలుసుకోవాలన్న కుతూహలం మీలో రోజురోజుకీ పెరిగితే ఫారం నింపండి. ఆ కుతూహలానికి శిక్షణ తోడైతే మంచి టీచరు తయారవుతారు.