గ్యాసే కదా అనుకోవద్దు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఇంటికి చేరావనీ, లేచి తిరుగుతున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. టీబీతో ఇరుకైపోయిన పేగు ముక్కను తీసేసి, మిగిలిన కొసలు రెండూ కలిపి కుట్టారు. ఇక కోలుకోవడమే. సర్జికల్ వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి, డిశ్చార్జి కాగితంలో ఒక్క వాక్యంలో తేల్చేసే సంగతి నీకు వివరంగా రాస్తున్నాను. అమ్మాయికీ చదివి వినిపించు.

పొట్ట ఆపరేషన్ అయ్యాక పేగులు కదలడం మానేసి కొద్ది రోజులు పడి ఉంటాయి. అది మామూలే. పెద్దపేగు తిరిగి పనిలో పడటానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. వార్డులో పొద్దున్నే "గాలి పోయిందా?" అని మేం అడిగేది అందుకే. నువ్వు ఆ దశ దాటావు. ఇప్పుడు కనిపెట్టుకోవాల్సింది, తెరుచుకున్న దారి మళ్లీ మూసుకుపోవడాన్ని. లోపలి గాయం మానేటప్పుడు పుట్టే పొరలు పేగుల్ని ఒకదానికొకటి అంటిస్తాయి. చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి పేగు మడతపడి దారి మూసుకుపోతుంది. అది వారాల్లో రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు.

గుర్తులు నాలుగు. నొప్పి పురిటి నొప్పుల్లా తెరలు తెరలుగా వచ్చి మెలిపెడుతుంది. పొట్ట ఉబ్బి బిగుసుకుంటుంది. వాంతులవుతాయి, ముఖ్యంగా పచ్చటి పసరు. గాలి, విరేచనం ఆగిపోతాయి. నాలుగూ కలిసి వచ్చేదాకా ఆగకు. నిన్నటిదాకా మెరుగవుతూ వచ్చినవాడివి ఇవాళ వెనక్కి నడుస్తున్నావంటే అదే హెచ్చరిక.

రెండుచోట్ల మోసపోతారు. ఒకటి, "విరేచనం అయిందిగా" అనుకోవడం. అడ్డుకు దిగువన ఉన్నది ఒకటి రెండుసార్లు బయటికి రావచ్చు. దారి సగమే మూసుకుంటే నీళ్లలా కూడా అవుతుంది. రెండోది, వాంతిని టీబీ మాత్రల మీదికి నెట్టేయడం. ఆ మాత్రలకు వికారం ఉండే మాట నిజమే. కానీ దానితోపాటు పొట్ట ఉబ్బి మెలిపెడుతుంటే మాత్రలని సరిపెట్టుకోకు. అలాగని డాక్టరును అడగకుండా మాత్రలు మానొద్దు.

అలాంటప్పుడు మా వదిన ప్రేమకొద్దీ ఆముదం పట్టిస్తానంటుంది, ఇంకొకరు సోడా తాగమంటారు. వద్దు. మూసుకున్న దారి మీదికి విరేచనాల మందుతో పేగును తోలడం ప్రమాదం. ఎనిమా కూడా ఇంట్లో పెట్టుకోవద్దు. నొప్పి బిళ్ల మింగి తెల్లారేదాకా చూద్దామనీ అనుకోవద్దు. తిండి, నీళ్లు ఆపి, ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితం పట్టుకుని బయల్దేరు. తెరలుగా వచ్చే నొప్పి ఎడతెగకుండా నిలిచిపోయినా, జ్వరం వచ్చినా, గుండె దడదడలాడినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా పేగుకు రక్తం అందడం లేదేమోనని భయపడాలి. అప్పుడు గంటలే లెక్క. 108కి ఫోన్ చెయ్యండి.

చాలామంది ఆలస్యం చేసేది మళ్లీ కోస్తారేమోనన్న భయంతో. వెళ్లినవాళ్లందరినీ కొయ్యరు. సీటీ స్కాన్ తీస్తారు, నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కిస్తారు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి లోపల పేరుకున్నది తీసేస్తారు. పేగులు అంటుకోవడం వల్ల వచ్చిన అడ్డు చాలామందిలో అలాగే రెండు మూడు రోజుల్లో విడిపోతుంది. ఆలస్యం చేస్తేనే కత్తి అవసరం పెరుగుతుంది.

డాక్టరు సరేననే వరకు మునగకాయ, పనస తొనలు, మొక్కజొన్న, పచ్చికొబ్బరి లాంటి పీచు సరుకు జోలికి పోకు. మెత్తటి అన్నం, ఇడ్లీ, పెరుగు కొంచెం కొంచెంగా, బాగా నమిలి తిను. ఇంట్లో నడుస్తూ ఉండు. రోజూ సాయంత్రం కేలండర్ మీద గాలి, విరేచనం, పొట్ట ఎలా ఉన్నాయో ఒక ముక్క రాసి పెట్టుకో. డాక్టరు అడిగితే తడుముకోనక్కర్లేదు.

ఒక్కమాట అమ్మాయికి. వాడు "ఏం లేదు, గ్యాస్" అంటే వాడి మాట కాదు, వాడి పొట్ట చూడు. అర్ధరాత్రయినా సందేహించకుండా తీసుకెళ్లు. ఏమీ లేదని పంపేసినా ఆ ప్రయాణం దండగ కాదు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య