కట్టిన నూలు నేర్పు పాఠము

పాఠ్యభాగము: నిర్గమకాండము 35:30-35; యాకోబు 5:4



బెసలేలు, అహోలీయాబు అను పనివారిని మనమెరుగుదుము. నేతపనియు బుటాపనియు దేవుడిచ్చిన ప్రజ్ఞవలన కలిగినవని ఈ భాగము తెలుపుచున్నది. కృష్ణా డెల్టావారమైన మనకు ఇది దూరపు మాట కాదు. మన పొరుగుననున్న చీరాల, తేలియా రుమాళ్లకు పేరుపొందిన ఊరు. ఆ రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయెడివి.

పని విధము: మొదట నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను పలుమారులు నానబెట్టి, పిసికి, ఆరవేయుదురు. అందువలన ఎరుపు రంగు నూలునకు గట్టిగా పట్టును. తెలుపు నిలువవలసిన చోట్ల నూలును బిగించి కట్టి ఎరుపులో ముంచుదురు. ఎరుపు నిలువవలసిన చోట్ల కట్టి నలుపులో ముంచుదురు. పడుగును పేకను రెంటిని ఇట్లే కట్టుదురు గనుక, మగ్గముపై ఒక పోగు జరిగినను పువ్వు చెదరును.

ఉజ్బెకిస్తానులోని మర్గిలాన్ నేతగాండ్రును పట్టు పడుగును ఇట్లే కట్టి రంగు వేయుదురు. అంచులు మబ్బువలె కలిసిపోవును గనుక దానికి మబ్బు అను అర్థముగల ‘అబ్ర్’ అని పేరు. అచ్చటి తల్లులు కుమార్తెల పెండ్లికై సూదితో కుట్టు పెద్ద బుటా వస్త్రములను ‘సుజని’ అందురు.

చీరాలలో ఈ పని మిక్కిలి తగ్గిపోయినది. తెలంగాణలోని పుట్టపాక దానిని నిలుపుకొన్నది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను అచ్చువేసిన గుడ్డను నేసినదని చెప్పి అమ్మువారు కలరు. కొనునప్పుడు గుడ్డను త్రిప్పి చూడుడి. నేసిన దానియందు పువ్వు రెండు వైపుల ఒకే రీతిగానుండి, అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చు గుడ్డకు సాధారణముగా వెనుకవైపు వెలవెలబోవును.

వారములకొలది చేసిన పనిని క్షణములో అచ్చైన గుడ్డ వెలకు అడుగుట న్యాయమా? పనివాని కూలి మొరపెట్టునని యాకోబు హెచ్చరించుచున్నాడు. బేరమాడు నోటికిని ఆ హెచ్చరిక చెందును.

కూటములలో ఆలోచించుడి:
1. మన ఊరి చేతిపనివారెవరు? వారికి తగిన వెల ఇచ్చుచున్నామా?
2. మనము అమ్ము సరకు, వెనుకకు త్రిప్పి చూచినను, మనము చెప్పినట్లే యుండునా?