పాత ఫ్లాపీలు - కొత్త కంప్యూటర్లు



మన హాస్టల్ పాత వార్షికోత్సవ సంచికలు కొన్నింటికి అచ్చు ప్రతులు మిగల్లేదు. డి.టి.పి. చేయించినప్పటి ఫ్లాపీలు మాత్రం వార్డెన్ గారి గదిలో బీరువాలో ఉన్నాయి. మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. మాకంటే ముందు ఇక్కడ చదివిన అన్నలు, ఇలాంటి ఇళ్ల నుంచే వచ్చినవారు, ఏమి రాసుకున్నారో తెలియాలంటే ఆ ఫ్లాపీలే దిక్కు. అందుకే వాటిని చదివే పద్ధతి ఇక్కడ రాస్తున్నాము.

ఇప్పటి కంప్యూటర్లకు ఫ్లాపీ డ్రైవ్ ఉండదు. సోనీ సంస్థ 2011 మార్చితో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకమే ఆపేసింది. అయితే యు.ఎస్.బి. వైరుతో తగిలించే డ్రైవ్‌లు ఇంకా దొరుకుతున్నాయి. తగిలిస్తే విండోస్‌లో సాధారణంగా 'ఎ' డ్రైవ్‌గా కనిపిస్తుంది.

ముందు ఫ్లాపీని చేతిలోకి తీసుకుని చూడండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి ఒక మూల, జరిపే చిన్న పలకతో ఒక రంధ్రం ఉంటుంది. అది తెరిచి ఉంటే ఫ్లాపీ మీద కొత్తగా ఏదీ రాయబడదు. తెరిచాకే డ్రైవ్‌లో పెట్టాలి. రెండో మూల పలక లేని రంధ్రం కూడా ఉంటే అది 1.44 ఎం.బి. ఫ్లాపీ, లేకుంటే సాధారణంగా 720 కె.బి. ఫ్లాపీ. పై మూతను మెల్లగా జరిపి లోపలి పొర చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు పట్టినట్టే. దాన్ని డ్రైవ్‌లో పెట్టకండి. బూజు హెడ్‌కు అంటుకుని, తరువాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా పాడుచేస్తుంది.

ఒక్కోసారి మంచి ఫ్లాపీ పెట్టినా "ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడుగుతుంది. వద్దనే చెప్పండి! డ్రైవ్ చదవలేకపోవడం వేరు, ఫ్లాపీ ఖాళీగా ఉండటం వేరు. ఫార్మాట్ చేస్తే ఉన్నది కాస్తా పోతుంది.

ఎందుకు చదవలేదంటే, 1.44 ఎం.బి. ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. రెండు వైపులూ కలిపి లెక్కవేస్తే 14,74,560 బైట్లు. 720 కె.బి. దానిలో ట్రాకుకు 9 సెక్టార్లే. పాత కంప్యూటర్లలో వేరే అమరికలను కూడా చదవమని ప్రోగ్రాం ద్వారా చెప్పే వీలుండేది. యు.ఎస్.బి. డ్రైవ్‌లో అంతా లోపలి చిప్ చేతిలోనే ఉంటుంది. దానికి తెలిసినవి రెండు మూడు అమరికలే. కొన్ని చవక రకాలకు 720 కూడా తెలియదు. పాత మాకింటోష్ 800 కె.బి., అమీగా 880 కె.బి. ఫ్లాపీలు వీటిలో అసలు చదవబడవు.

అలాంటివాటికి గ్రీజ్‌వీజిల్, క్రయోఫ్లక్స్ అనే చిన్న బోర్డులున్నాయి. పాత కంప్యూటర్లోంచి తీసిన డ్రైవ్‌ను 34 పిన్నుల కేబుల్‌తో బోర్డుకు కలపాలి. బోర్డు అయస్కాంత గుర్తులను ఉన్నవి ఉన్నట్టు పట్టి కంప్యూటర్‌కు ఇస్తుంది, అర్థం చేసుకునే పని ప్రోగ్రాంది. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలకూ ఇదే దారి.

ఫ్లాపీ తెరుచుకుంటే ముందు అన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే పనిచేయండి. పేజ్‌మేకర్ ఫైల్ తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడవచ్చు. ఫైల్ పాడైందని కంగారుపడకండి. ఆ రోజుల్లో అను వంటి ఫాంట్లతో టైపు చేసేవారు, అవి యూనికోడ్ కావు. అదే ఫాంట్ వేస్తే తెలుగు కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంలూ ఉన్నాయి, కానీ ఒత్తులు తారుమారవుతాయి గనుక ఒకరు చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి.

ఫ్లాపీల మీది చీటీలు మాత్రం పీకకండి. ఏ సంవత్సరం సంచికో చెప్పేవి అవే.